ఉచితంగా దొరికే శాటిలైట్ మ్యాపులతో చిన్న బృందానికి నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

నీటికోడి:

అందరికీ నమస్కారం. మేం కొంతమందిమి కలిసి ఒక చిత్తడి నేలనీ, దాన్ని ఆనుకుని ఉన్న అడవి ముక్కనీ కనిపెట్టుకుని ఉంటున్నాం. జీతాలు లేవు, సంస్థ అని చెప్పుకునేంత హంగామా కూడా లేదు. పక్షుల గూళ్లు, వేటగాళ్ల ఉచ్చులు, కొత్తగా కొట్టిన చెట్లు, మట్టి పోసి పూడ్చిన చోట్లు, ఇలా తిరిగినప్పుడు కంటపడినవన్నీ ఫోన్‌లో లొకేషన్‌తో సహా రాసుకుని ఒక ఎక్సెల్ షీట్‌లో వేస్తూ వచ్చాం. ఇప్పుడది చాంతాడంత అయింది, దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలీదు.

ఇంకో సంగతి. అడవుల్లో మార్పుని మ్యాప్ మీద చూపించే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ సైట్‌లో మా ప్రాంతం తెరిచి చూస్తే అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు కనిపించాయి. కొన్ని మేం చూసిన నరికివేతతో సరిపోయాయి. కొన్నిచోట్ల మాత్రం అసలు అడవే లేదు, ఎవరో పెంచుకున్న యూకలిప్టస్ తోట కోసుకున్నారంతే. పోనీ అనుకుంటే, నిజంగా చెట్లు కొట్టేసిన ఒక చోట మచ్చే లేదు. మరి దీన్ని నమ్మాలా వద్దా? మాలో ఒకరు డ్రోన్ కొందామంటున్నారు, ఇంకొకరు ఇప్పుడంతా ఏఐ చూసుకుంటుంది మనం కష్టపడక్కర్లేదంటున్నారు, నాకేమో రంగురంగుల మ్యాప్ చేసి గోడకి తగిలించుకోవడం తప్ప ఒరిగేదేముందో అర్థం కావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? కోడింగ్ రాదు, ముందే చెప్తున్నా.

పిక్సెల్ పంతులు:

ముందు ఆ మచ్చల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది ఇక్కడే విసిగిపోయి వెళ్లిపోతారు.

మీరు చూసిన లేయర్ (మ్యాప్ మీద పరిచే పొర) మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాల నుంచి తయారుచేసేది. 2013లో మొదటిసారి వచ్చింది, అప్పట్నుంచి ఏటా ఒక కొత్త సంవత్సరం కలుపుతున్నారు. అది కొలిచేది చెట్ల కప్పు పోవడాన్ని. 5 మీటర్లకన్నా ఎత్తు పెరిగిన ఏ మొక్కైనా దాని దృష్టిలో చెట్టే, అది తనంతట తాను మొలిచిందా ఎవరన్నా నాటారా అన్నది దానికి పట్టదు. తోట కోసినా మచ్చే, కార్చిచ్చు వచ్చినా మచ్చే, గాలివానకి కూలినా మచ్చే. కాబట్టి మీ యూకలిప్టస్ మచ్చ తప్పు కాదు, మీరు అడిగిన ప్రశ్న ఒకటి, అది చెప్తున్న జవాబు ఇంకొకటి.

కనపడని నరికివేత సంగతి వేరు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్క పిక్సెల్, అంటే ఒక్క చుక్క, నేల మీద 30 మీటర్ల చదరం, అంటే 900 చదరపు మీటర్లు. ఆ జాగాలో నాలుగు పెద్ద మానులు నరికి పట్టుకుపోయి చిన్నవాటిని వదిలేస్తే పైనుంచి చూసినప్పుడు రంగు పెద్దగా మారదు, రెండు వానలు పడి కింద పొదలు లేచాయంటే ఇంకేమీ తెలీదు. ఒక హెక్టారుకి ఇలాంటి పిక్సెళ్లు పదకొండే వస్తాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల్లో అయితే పిక్సెల్ 10 మీటర్లు, హెక్టారుకి 100 వస్తాయి, పైగా రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి అదే చోటికి వస్తాయి. అయినా సరే, విడిగా ఒక చెట్టు పోయిందని పట్టుకోవడం దానివల్ల కూడా కాదు.

ఇంకొక జాగ్రత్త. 2001 నుంచి ఇప్పటిదాకా ఉన్న అంకెలు వరసగా పెట్టి ‘మా దగ్గర నష్టం ఇంతింత పెరిగింది’ అని గ్రాఫ్ గీసి ఎవరికీ పంపకండి. మధ్యలో వాళ్లు లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచారు, 2013లో ల్యాండ్‌శాట్-8 కూడా వచ్చి చేరింది, దాంతో ముందు కంటపడని చిన్నచిన్న నష్టాలు తర్వాతి ఏళ్లలో దొరకడం మొదలైంది. పెరిగినట్టు కనిపించేదాంట్లో కొంత నిజంగా పెరిగింది, కొంత చూపు మెరుగైనందువల్ల. ఈ మాట ఆ సైట్ వాళ్లే రాసిపెట్టారు, ఎవరూ చదవరు.

బ్రెజిల్‌దీ ఇదే గొడవ. అక్కడి అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్‌పే 1988 నుంచి అమెజాన్ నరికివేతని ప్రోడెస్ అనే పద్ధతిలో లెక్కిస్తోంది. ఆ అంకెకీ ఈ గ్లోబల్ అంకెకీ తేడా వచ్చిన ప్రతిసారీ ఎవరు అబద్ధమాడుతున్నారని జనం మొదలెడతారు. ఎవరూ ఆడట్లేదు. ప్రోడెస్ పాత అడవిని మొత్తంగా తుడిచిపెట్టిన చోట్లనే లెక్కలోకి తీసుకుంటుంది, అదీ 6.25 హెక్టార్లు దాటితేనే. గ్లోబల్ లెక్క తోటల్నీ మంటల్నీ కూడా కలుపుతుంది. రెండూ వేరువేరు వస్తువుల్ని కొలిచి వేరువేరు అంకెలు చెప్తున్నాయి, అంతే.

ఏఐ సంగతి రెండు ముక్కల్లో. గూగుల్, గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ నడిపే డబ్ల్యూఆర్‌ఐ సంస్థ కలిసి 2022లో తెచ్చిన డైనమిక్ వరల్డ్ మ్యాప్ అచ్చంగా అదే, సెంటినెల్-2 చిత్రం వచ్చినప్పుడల్లా ప్రతి 10 మీటర్ల ముక్కనీ నీరు, చెట్లు, గడ్డి, పంట, కట్టడం అంటూ తొమ్మిది రకాల్లో ఒకదాంట్లో పెడుతుంది. బాగుంటుంది కూడా. కానీ మీ యూకలిప్టస్ తోటా, మీ అడవీ రెండూ అందులో ‘చెట్లు’ కిందకే వస్తాయి. మీ సమస్య అక్కడే ఉండిపోయింది కదా.

ముళ్లబాట:

పైన చెప్పినవన్నీ నిజమే కానీ నీటికోడి గారు, మీరు రివర్స్‌లో మొదలుపెడుతున్నారనిపిస్తోంది. ఏ మ్యాప్ వాడాలి అని కాదు, మ్యాప్ చూశాక మీరు చేసే పని ఏం మారుతుంది అని ముందు మీలో మీరు అనుకోండి. వచ్చే వారం ఏ దారిన తిరగాలో మారుతుందా? పూడ్చివేత మీద ఫిర్యాదు పెట్టాలంటే దానికి తేదీతో సహా రుజువు కావాలా? గూళ్లు పెట్టే కాలంలో ఏ ఒడ్డుకి మనుషుల్ని పోనివ్వకూడదో చెప్పాలా? ఈ మూడింటికీ మూడు రకాల మ్యాపులు కావాలి. మూడూ ఒకదాంట్లో కుక్కితే గోడకి తగిలించేదే అవుతుంది, మీ భయం అక్షరాలా నిజం.

మీ ఎక్సెల్ షీట్ గురించి అడుగుతా, అందులో మీరు తిరిగి కూడా ఏమీ కనపడని రోజులు రాశారా? రాసి ఉండరు. ఎవరూ రాయరు, నేను చూసినంతలో దాదాపు ప్రతి బృందంలోనూ ఇదే లోటు. ఉచ్చులు దొరికిన పాయింట్లన్నీ మ్యాప్ మీద వేస్తే అవి మీరు ఎక్కువగా నడిచే బాటల పక్కనే గుంపులుగా కనిపిస్తాయి, అప్పుడు ‘వేటంతా ఈ బాట పక్కనే’ అనుకుని మళ్లీ అక్కడికే పోతారు, మళ్లీ అక్కడే దొరుకుతాయి. మీరు కాలు పెట్టని అవతలి గట్టు మ్యాప్‌లో శుభ్రంగా, ఏ సమస్యా లేనట్టు ఉంటుంది. అది వేట మ్యాప్ కాదు, మీరు నడిచిన దారుల మ్యాప్.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. నడిచేటప్పుడు ఫోన్‌లో ట్రాక్ ఆన్ చేసి పెట్టండి. ఎన్ని ఉచ్చులు దొరికాయని కాదు, ఎంత దూరం నడిస్తే ఎన్ని దొరికాయని లెక్కెయ్యండి. చాలా దేశాల్లో అటవీ గస్తీ వాళ్లు వాడే స్మార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది: గస్తీ ఎక్కడ తిరిగింది, ఎంతసేపు, ఏం కనపడింది, ఏం కనపడలేదు. చూసిన పక్షుల్ని నమోదుచేసే ఈబర్డ్ సైట్‌లో చెక్‌లిస్ట్ పెట్టేటప్పుడు ‘గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా’ అని అడుగుతుంది చూశారా, అదీ అందుకే. అవునని చెప్తేనే, రాయని పక్షి అప్పుడు వాళ్ల కంటపడలేదని లెక్కలోకి తీసుకోగలుగుతారు. లేకపోతే లేదో, రాయలేదో ఎవరికి తెలుసు.

డ్రోన్ వద్దు. కనీసం ఇప్పుడు వద్దు. చాలా చోట్ల అనుమతులు కావాలి, అది పక్కన పెట్టినా గూళ్ల మీదుగా ఎగిరితే పక్షులు లేచిపోతాయి, గుడ్లు ఎండకి మాడతాయి, కాకులకి పండగ.

చిలకపచ్చ:

ఒక్కటే చెప్పి పోతా. ఏ మ్యాప్ చేసినా సరే గూళ్ల పాయింట్లు పబ్లిక్ లింక్‌లో పెట్టకండి. గోనియూరోసారస్ లూయీ అనే బల్లిని శాస్త్రవేత్తలు 1999లో వర్ణించి ఎక్కడ దొరికిందో కూడా రాశారు, పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ వివరం పట్టుకుని అక్కడికే పోయి మొత్తం ఏరేశారు, ఆ మొదటి చోట అది లేకుండాపోయింది. జీవుల్ని ఫోటోలతో నమోదుచేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో ముప్పున్న జాతులకి లొకేషన్ దానంతట అదే మసకబారుతుంది, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తుంది, అంటే ఇరవై కిలోమీటర్ల మేర. మీ షేర్డ్ షీట్‌కి అలాంటి కాపలా ఏదీ లేదు కదా. లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్ ఇప్పుడే వెళ్లి మార్చండి. ఫోటోల్లో కూడా లొకేషన్ దాక్కుని ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో డాక్యుమెంట్‌గా పంపితే అదీ వెంట వెళ్తుంది.

నీటికోడి:

ముగ్గురికీ థాంక్స్. షేరింగ్ సెట్టింగ్ మార్చేశాను, నిజంగానే తెరిచి ఉంది. ఏమీ కనపడని రోజులు రాయలేదు, ముళ్లబాట గారు ఊహించినట్టే.

మాకు ఇప్పుడు అన్నిటికన్నా తొందర పూడ్చివేతే. కొంచెం కొంచెంగా మట్టి పోస్తూ ‘ఇక్కడెప్పుడూ నీళ్లు లేవు’ అంటున్నారు. పాత చిత్రాలతో ఒకప్పుడు నీళ్లుండేవని చూపించొచ్చా? కానీ వానాకాలంలో అంతా మబ్బే, ఏ చిత్రం తెరిచినా తెల్లగా దూదిలా కనిపిస్తోంది.

పిక్సెల్ పంతులు:

చూపించొచ్చు, నిజానికి శాటిలైట్ బాగా చేసిపెట్టే పనుల్లో ఇది మొదటిది. నీరు మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మింగేస్తుంది, ఆకు అదే కాంతిని గట్టిగా తిప్పికొడుతుంది, అందుకని చిత్రంలోని ఆకుపచ్చ కాంతినీ ఈ ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ పోల్చే ఎన్‌డీడబ్ల్యూఐ అనే చిన్న లెక్కతో నీళ్లు విడిగా బయటపడతాయి. సెంటినెల్ చిత్రాలు ఉచితంగా చూపించే కోపర్నికస్ బ్రౌజర్ సైట్‌లో ఈ లెక్క ముందే చేసిపెట్టి ఉంటుంది, ఒక బటన్ నొక్కితే చాలు, కోడింగ్ అక్కర్లేదు.

అంతకన్నా ముందు గ్లోబల్ సర్ఫేస్ వాటర్ అనే మ్యాప్ తెరవండి. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం వాళ్లది. 1984 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలన్నీ జల్లెడపట్టి ప్రతి పిక్సెల్‌లో ఏయే ఏళ్లలో, ఏయే నెలల్లో నీరు కనపడిందో పెట్టారు. మీ చోటి మీద క్లిక్ చేస్తే ఆ చరిత్ర వస్తుంది. ల్యాండ్‌శాట్ బొమ్మలన్నీ 2008లో ఉచితం చేశారు కాబట్టే ఇలాంటిది సాధ్యమైంది, అంతకుముందు ఒక్కో చిత్రానికీ డబ్బు కట్టి కొనుక్కునేవారు, మీలాంటివాళ్లకి దారే ఉండేది కాదు.

రెండు లోపాలు తెలుసుకుని వాడండి. తుంగ, రెల్లు, తామరాకులు కమ్మేసిన నీళ్లు దీనికి నీళ్లుగా కనపడవు, పైనుంచి ఆకే కదా కనిపించేది, కాబట్టి ‘ఇక్కడ నీరు లేదు’ అని ఈ మ్యాప్ చూపిస్తే దాన్ని అవతలివాళ్లు మీ మీదకే తిప్పే ప్రమాదం ఉంది. రెండోది, 30 మీటర్లకన్నా సన్నటి కాలవలు దొరకవు.

మబ్బులకి సెంటినెల్-1 ఉంది. అది ఫోటో కాదు, రాడార్. తానే తరంగాన్ని పంపి తిరిగొచ్చేదాన్ని కొలుస్తుంది, మబ్బూ చీకటీ దానికి అడ్డు కావు. నిలకడగా ఉన్న నీళ్ల మీద పడిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, తిరిగిరాదు, అందుకని నీరు నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేస్తే నలుపు తగ్గుతుంది, ఒక్క తేదీ చూసి తీర్పు చెప్పకండి. దాని తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లే, దట్టమైన ఆకుల్లోంచి కిందికి దూరలేదు. సుమారు 24 సెంటీమీటర్ల పొడవుండే ఎల్-బ్యాండ్ అనే రాడార్ తరంగం అయితే దూరుతుంది, మడ అడవుల మ్యాపులకి జపాన్ వాళ్ల ఎల్-బ్యాండ్ రాడార్‌ని వాడేది అందుకే.

గట్టుమీది గాలి:

శాటిలైట్ అది చూడదు ఇది చూడదు అని అందరూ నీరుగారుస్తున్నారు కాబట్టి అవతలి వైపు కూడా ఒక మాట. ఎంపరర్ పెంగ్విన్లు ల్యాండ్‌శాట్‌లో కనపడవు, అంత చిన్నవి. కానీ మంచు మీద వాటి రెట్ట మరకలు కనపడతాయి. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు ఆ గోధుమరంగు మరకలు వెతుక్కుంటూ పోయి అప్పటిదాకా ఎవరికీ తెలియని 10 స్థావరాల్ని పట్టుకుని 2009లో ప్రకటించారు, తర్వాత సెంటినెల్-2 వచ్చాక ఇంకొన్ని దొరికాయి. మనిషి అడుగుపెట్టలేని చోట అది చిన్న విషయమా? సముద్రంలో చేపల వేట సంగతి ఇంకా పెద్దది: 2024 జనవరిలో వచ్చిన ఒక అధ్యయనంలో రాడార్ చిత్రాలనీ, ఓడలు తమంతట తాము పంపే సిగ్నళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద ఎత్తున చేపలు పట్టే ఓడల్లో నాలుగింట మూడొంతులు బహిరంగ ట్రాకింగ్‌లో లేవని తేలింది. సిగ్నల్ ఆపేసినంత మాత్రాన రాడార్‌కి దొరక్కుండా పోరు కదా.

మొజాంబిక్‌లో మౌంట్ మాబు అడవి కూడా గూగుల్ ఎర్త్‌లో పచ్చగా కనపడితే 2005లో వెతుక్కుంటూ వెళ్లారు, కొత్త పాము, కొత్త సీతాకోకచిలుకలు బయటపడ్డాయి.

ముళ్లబాట:

మాబు విషయంలో ఒక్కటి కలపాలి. ఆ కొండ చుట్టూ ఉన్న ఊళ్ల జనానికి ఆ అడవి ఎప్పుడూ తెలుసు, యుద్ధం రోజుల్లో అందులోనే తలదాచుకున్నారు. ‘కనిపెట్టాం’ అన్నది బయటివాళ్ల మాట. నీటికోడి గారికి ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ చిత్తడిలో చేపలు పట్టేవాళ్లూ, పశువులు మేపేవాళ్లూ ఉండే ఉంటారు, నీళ్లు ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చాయో శాటిలైట్‌కి రెల్లు అడ్డమొస్తే వాళ్లకి అడ్డం రాదు. ప్రింట్ తీసిన మ్యాప్ వాళ్ల ముందు పెట్టి గీయమనండి. ఆ గీతలు ఎవరికి చూపించొచ్చో కూడా వాళ్లనే అడగండి, ఎందుకంటే వాళ్లు చేపలు పట్టే చోటు మీ మ్యాప్‌లో ‘ఆక్రమణ’ అని పడితే రేపు వెళ్లగొట్టేది వాళ్లనే.

నీటికోడి:

ఆ కోణం మాకు తట్టనే లేదు, మా షీట్‌లో వలలన్నీ ఉచ్చుల కిందే రాశాం. విడదీస్తాను.

ఇప్పుడు ఆ షీట్‌ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే సగం పాయింట్లు ఆఫ్రికా పక్కన సముద్రంలో పడ్డాయి. నవ్వకండి. ఇంకోటి, పూడ్చిన చోటు ఎంత ఉందో విస్తీర్ణం కొలిస్తే రెండు రకాలుగా రెండు అంకెలు వస్తున్నాయి.

పిక్సెల్ పంతులు:

నవ్వేదేం లేదు, ఆ సముద్రంలో చాలామంది పాయింట్లు ఉన్నాయి. లొకేషన్ గడి ఖాళీగా ఉంటే ఎక్కడో ఒకచోట అది 0, 0 అయిపోతుంది, భూమధ్యరేఖా గ్రీనిచ్ రేఖా కలిసే ఆ చోటు గినీ సింధుశాఖలో ఉంది. ఖాళీ వరసలు తీసేయండి. మిగతావి కూడా ఎక్కడెక్కడో పడితే అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయేమో చూడండి, క్యూజీఐఎస్‌లో ఎక్స్ అంటే రేఖాంశం. కొందరి ఫోన్లు డిగ్రీలు-నిమిషాలు-సెకన్లలో ఇస్తాయి, వాటిని దశాంశాల్లోకి మార్చాలి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే సుమారు 11 మీటర్ల దాకా సరిగ్గా చెప్పినట్టు, రెండే ఉంటే కిలోమీటరు పైచిలుకు తేడా, అలాంటివి రుజువు కింద వాడకండి.

విస్తీర్ణం సంగతి ప్రొజెక్షన్ వల్ల, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి వల్ల. వెబ్ మ్యాపుల్లో ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్, అంటే ఈపీఎస్‌జీ 3857, భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేలని సాగదీస్తుంది. 30 డిగ్రీల దగ్గర విస్తీర్ణం మూడోవంతు ఎక్కువ చూపిస్తుంది, 60 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు. మీ జోన్‌కి సరిపడే యూటీఎమ్ అనే ప్రొజెక్షన్‌లోకి లేయర్‌ని మార్చి కొలవండి, లేదా క్యూజీఐఎస్‌లో ఎలిప్సాయిడ్ (భూమి వంపుని లెక్కలోకి తీసుకునే) సెట్టింగ్ పెట్టి $ఏరియా వాడండి, రెండూ దాదాపు ఒకటే చెప్తాయి. ఫిర్యాదులో ఏ పద్ధతిలో కొలిచారో ఒక లైన్ రాయండి, అవతలివాళ్లు మొదట పట్టుకునేది అదే.

హద్దు కోసం ప్రపంచ రక్షిత ప్రాంతాల మ్యాప్ ఉండే ప్రొటెక్టెడ్ ప్లానెట్ సైట్ నుంచి దింపుకున్న గీత మాత్రం వాడకండి. ప్రపంచం మొత్తాన్ని ఒకచోట చూడటానికి అది మంచిదే, కానీ కొన్ని రక్షిత ప్రాంతాలు అందులో ఒట్టి చుక్కలుగానే ఉన్నాయి, కొన్ని గీతలు మొరటువి. గజాల్లో తగాదా పడేటప్పుడు ప్రభుత్వ నోటిఫికేషన్‌తో వచ్చిన సర్వే మ్యాప్ ఒక్కటే నిలబడుతుంది.

నీటికోడి:

సర్వే మ్యాప్ కాగితం మీద ఉంది, స్కాన్ చేసి జియోరిఫరెన్స్ చేయడం, అంటే దాన్ని అక్షాంశ రేఖాంశాలకి సరిపెట్టడం, చూస్తాను. ఫిర్యాదుకి ‘ముందు, తర్వాత’ చిత్రాలు పెడదామనుకుంటున్నాం. పచ్చగా ఉన్నదొకటి, ఎండిపోయి ఉన్నదొకటి దొరికాయి, చూస్తే గుండె తరుక్కుపోయేలా ఉన్నాయి.

పిక్సెల్ పంతులు:

వాటి తేదీలు చూడండి. ఒకటి వానలయ్యాక, రెండోది నడి వేసవిలో అయితే అవి పూడ్చివేతని కాదు రుతువుని చూపిస్తున్నాయి, అలాంటివి పెడితే మీ మిగతా రుజువులన్నిటి మీదా అనుమానం వస్తుంది. ఒకే నెలలో తీసినవి, వేరువేరు ఏళ్లవి, వానలు ఇంచుమించు ఒకేలా పడిన ఏళ్లవి తీసుకోండి. రెండు కాదు, వరసగా ఆరేడు ఏళ్లవి పెడితే ఇంకా మంచిది. ఏ ఉపగ్రహం, ఏ తేదీ అన్నది ప్రతి చిత్రం కిందా ఉండాలి. ఆ పక్కనే అదే చోట నిలబడి తీసిన ఫోన్ ఫోటో ఒకటి. అంత గుండె తరుక్కుపోయేలా కనిపించకపోవచ్చు, పర్లేదు.

గట్టుమీది గాలి:

పూడ్చని పక్క మడుగుని కూడా అదే వరసలో చూపించండి. అదీ ఎండిపోతూ ఉంటే వానల్లేక అంటారు. అది నిండుగా ఉండి ఇదొక్కటే తగ్గుతుంటే వాళ్ల దగ్గర జవాబుండదు.